ట్రాక్ లేకుండా ఒక గంట

లేబర్ డే వీకెండ్ దగ్గరికొస్తోందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచేవి రెండే చర్చలు. పిక్నిక్‌కి ఏ ఫారెస్ట్ ప్రిజర్వ్ బుక్ అయింది, బిర్యానీ ఎక్కణ్ణుంచి వస్తోంది. వినాయక చవితి కూడా ఆ దరిదాపుల్లో పడితే పత్రి ఎక్కడ దొరుకుతుందన్నది మూడోది. 2019లో చవితి, లేబర్ డే ఒకే సోమవారం వచ్చాయి. సెలవు పెట్టే పని లేకుండా పూజ అయిపోయిందని అందరం సంబరపడ్డాం.

సరిగ్గా ఆ వీకెండ్‌లోనే ఏటా డౌన్‌టౌన్‌లో షికాగో జాజ్ ఫెస్టివల్ జరుగుతుంది. మిలీనియం పార్క్‌లో పెద్ద వేదిక ముందు నాలుగు వేల కుర్చీలు, వాటి వెనక పచ్చిక, పచ్చిక మొత్తానికి నెత్తి మీద ఉక్కు గొట్టాల పందిరి. ఆ పందిరికి వేలాడే స్పీకర్ల వల్ల చివర కూర్చున్నవాళ్ళకి కూడా మృదువుగా, స్పష్టంగా వినిపిస్తుంది. టికెట్ లేదు. ఇంటి నుంచి పులిహోర డబ్బా పట్టుకెళ్ళి దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. శివారు నేపర్‌విల్‌లో మెట్రా రైలు ఎక్కితే యూనియన్ స్టేషన్‌లో దిగి నడిచిపోయేంత దూరం. అయినా ఆ జనంలో తెలుగు మాట నా చెవిన పడింది బహు తక్కువ.

రమ్మని బతిమాలను. ఎవరి సెలవు వాళ్ళిష్టం. కానీ మన తెలుగు సంఘం సాంస్కృతిక కార్యక్రమాల గురించి నాకో ఫిర్యాదు ఉంది. దానికి మందు ఆ పచ్చిక మీద కూర్చుంటే దొరుకుతుందని నా నమ్మకం.

ఫిర్యాదు ఇది. మన ఉగాది, దీపావళి వేదికల మీద అప్పటికప్పుడు పుట్టే సంగీతం లేకుండా పోయింది. ఒక్కో ఐటమ్‌కి నాలుగు నిమిషాలు. పాటైనా డాన్సైనా ముందే రికార్డు చేసి పంపిన ట్రాక్ మీద నడవాలి. ట్రాక్ ఆగితే పిల్లలూ ఆగిపోతారు, మైకులో "సౌండ్ ప్లీజ్" అని కేక. పోయిన ఏడు మృదంగం నేర్చుకుంటున్న ఒక కుర్రాడు స్టేజీ ఎక్కాడు. ఏళ్ళ తరబడి సాధన చేస్తున్నవాడు, వేళ్ళలో మంచి నాదం ఉంది. వాడికిచ్చిన ట్రాక్‌లో మృదంగం ఎలాగూ ఉంది. దాని మీదే ఈ కుర్రాడు కూడా వాయించాడు. ముందు వరసలో ఉన్న నాకు ఏది రికార్డో, ఏది మనవాడిదో తెలియలేదు. కొత్తగా ఒక్క దెబ్బ వేస్తే ట్రాక్‌తో పేచీ వస్తుందని పాపం వాడు కూడా బుద్ధిగా రికార్డునే అనుసరించాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత శాలువా కప్పారు.

మన సంగీతానికి ఇది జరగడం మరీ అన్యాయం. ఆలాపన, తానం, నెరవు, కల్పనస్వరం, తని ఆవర్తనం: కచేరీలో గుండెకాయ లాంటి భాగాలన్నీ వేదిక మీద అప్పుడు పుట్టేవే. త్యాగరాజస్వామి రాసిన కీర్తన పది నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని నలభై నిమిషాలు మోసుకెళ్ళేది పాడేవాళ్ళ మనోధర్మమే, అంటే అప్పటికప్పుడు కల్పించే శక్తే. అమెరికాలో మనకి మిగిలింది ఎక్కువగా ఆ పది నిమిషాలే. త్యాగరాజ ఆరాధనకి అందరం కూర్చుని పంచరత్నాలు పాడతాం, చాలా మంచి పని. కానీ పంచరత్నాల్లో చిట్టస్వరం దాకా ముందే రాసి ఉంది. పిల్లలు వాటిని అప్పజెప్పి, ఫొటో దిగి, ఇంటికెళ్తారు.

జాజ్ ఫెస్టివల్ కూడా ఒక రకంగా ఆరాధనతోనే మొదలైంది. 1974 మే నెలలో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ పోయాడు. ఆ వేసవిలోనే షికాగో వాద్యకారులు గ్రాంట్ పార్క్‌లో చేరి ఆయన జ్ఞాపకంగా కచేరీ చేశారు. జనం విరగబడి వచ్చారు. ఏటేటా చేయడం మొదలెట్టారు. 1978లో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ పేరున ఇంకోటి తోడైంది. వీటన్నిటినీ కలిపి 1979లో నగరపాలక సంస్థ ఫెస్టివల్‌గా నిలబెట్టింది. ఎవరిని పిలవాలో చూసే పని జాజ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో అనే స్వచ్ఛంద సంస్థకి అప్పజెప్పింది. పోయినవాణ్ణి పాటతో తలుచుకోవడం మనకి కొత్తేం కాదు కదా. తేడా ఒక్కటే. వాళ్ళు ఎల్లింగ్టన్ పాటని ఎల్లింగ్టన్ వాయించినట్టే వాయించాలని పట్టు పట్టలేదు. అలా వాయిస్తే ఆ సంగీతంలో తప్పు కింద లెక్క.

ఈ ఊరి జాజ్‌లో నన్ను బాగా ఆకట్టుకున్నది మరో సంస్థ. అదీ మనలాంటి ఒక అసోసియేషనే. 1965లో సౌత్ సైడ్‌లో ముహాల్ రిచర్డ్ ఏబ్రమ్స్, మరో ముగ్గురు వాద్యకారులు కలిసి పెట్టారు. పేరు అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ క్రియేటివ్ మ్యుజీషియన్స్. క్లబ్బుల్లో పని తగ్గిపోతోంది, ఉన్నచోట పాత హిట్లే వాయించమంటున్నారు. అప్పుడు వీళ్ళు పెట్టుకున్న నియమం ఏమిటంటే, సంఘం కచేరీల్లో సభ్యులు సొంత సంగీతమే వినిపించాలి. కొద్ది కాలానికే పేటలోని పిల్లలకి ఉచితంగా సంగీతం నేర్పే బడి కూడా తెరిచారు. సభ్యత్వాలు, మీటింగులు, అధ్యక్షులు, అలకలు అన్నీ అక్కడా ఉన్నాయి. అరవై ఏళ్ళయినా సంఘం నడుస్తోంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళని బతకనివ్వని చట్టాలనుంచి తప్పించుకుని రైళ్ళెక్కి ఇక్కడికొచ్చిన కుటుంబాల బిడ్డలు వాళ్ళు. వీసా పట్టుకుని విమానం దిగిన మనకీ వాళ్ళకీ పోలిక పెట్టను. కానీ ఒక సంఘం తన సభ్యుల్ని ఏం అడగొచ్చు అన్న విషయంలో వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.

2013 ఫెస్టివల్లో ఆగస్టు 29 రాత్రి డ్రమ్మర్ జాక్ డిజానెట్‌కి ప్రధాన వేదిక ఇచ్చారు. ఇదే ఊళ్ళో పుట్టి ప్రపంచమంతా తిరిగినవాడు. ఆయన పెద్ద పేర్ల కోసం వెతకలేదు. అరవైల్లో తనతో పాటు ఇక్కడి విల్సన్ జూనియర్ కాలేజీలో చదివిన రాస్కో మిచెల్‌ని, హెన్రీ థ్రెడ్‌గిల్‌ని పిలిచాడు. తమకి పెద్దదిక్కుగా నిలిచిన ముహాల్‌ని పియానో ముందు కూర్చోబెట్టాడు. ముహాల్‌కి అప్పటికి ఎనభై దాటాయి. సులువుగా తల ఊపే సంగీతం కాదది. ఆ రాత్రి వాయించింది 2015లో 'మేడ్ ఇన్ షికాగో' పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది, వినండి. కొన్ని చోట్ల దారి తప్పారేమో అనిపిస్తుంది, మరుక్షణం అందరూ ఒక్కచోట తేలతారు. అలాంటి సంగీతానికి ఒక నగరం తన ప్రధాన వేదికని మొదటి రాత్రే ఇచ్చింది, ప్రవేశం ఉచితం పెట్టి. మన కమిటీ అయితే "జనం డిన్నర్ లైన్‌కి వెళ్ళిపోతారండీ" అని ఉండేది.

వెళ్ళిపోతారు, నిజమే. అక్కడా వెళ్తారు. కొన్ని సెట్లు నాకూ నచ్చవు, మధ్యలో లేచి నిమ్మరసం కొనుక్కోవడానికి పోతాను. మైదానంలో పిల్లలు పరిగెడుతుంటారు, ఎవరో గురక పెడుతుంటారు. వాయించేవాళ్ళు అదేమీ పట్టించుకోరు. మన దగ్గర ఎవరైనా లేచారంటే వెంటనే ఐటమ్ కత్తిరించమని యాంకర్ చెవిలో చెప్తారు.

"మాకేం అర్థం కాదు, రాగం ఏదో తాళం ఏదో తెలియదు" అని మా వీధిలోని పెద్దాయన ఒకరు అన్నారు. కచేరీ అలవాటున్న తెలుగువాళ్ళకి జాజ్ లోపలికి దారి చూపించడం నిజానికి తేలిక. ముందు పాట ఒకసారి వాయిస్తారు. తర్వాత ఆ పాట కొలతని, ముప్ఫైరెండు బార్లో పన్నెండు బార్లో (బార్ అంటే సాధారణంగా నాలుగు దెబ్బల గుంపు), ఆవర్తనంలాగా మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ఒకరి తర్వాత ఒకరు సొంతంగా వాయిస్తారు. చివర్లో డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు ఇచ్చిపుచ్చుకుంటారు. వయొలిన్‌తో స్వరాలు ఇచ్చిపుచ్చుకోవడం విన్న చెవికి అది వెంటనే పట్టుబడుతుంది. మళ్ళీ పాటకొచ్చి ముగిస్తారు, మనం పల్లవికొచ్చినట్టు. తొడ మీద తాళం వేసుకుంటూ వినండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. బ్లూస్ వాయించేవాళ్ళు వాడే ఐదు స్వరాలు చూడండి: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. మన శుద్ధ ధన్యాసి. పంచమానికి ముందు ప్రతిమధ్యమాన్ని కాస్త తాకితే చాలు, బ్లూస్ వాసన వచ్చేస్తుంది. ఈ సంగతి నాకు ఒక మిడిల్ స్కూల్ బ్యాండ్ రూమ్‌లో బాగా తెలిసొచ్చింది. మనవాళ్ళమ్మాయే, వారంలో రెండు రోజులు తెల్లారకుండానే జాజ్ బ్యాండ్‌లో ఆల్టో శాక్సఫోన్, శనివారం పొద్దున జూమ్‌లో కర్ణాటక సంగీతం. కచేరీ మధ్యలో బ్యాండ్ టీచర్ ఉన్నట్టుండి ఆ పిల్ల వైపు వేలు చూపించాడు. పన్నెండు బార్లు సోలో వాయించమని. ఆ పిల్ల ఒక్క క్షణం బిగుసుకుపోయి, జంటస్వరాలు మొదలెట్టింది. సస గగ మమ పప, శుద్ధ ధన్యాసిలో, తిన్నగా, పాఠం అప్పజెప్పినట్టు. మూడో వరసకొచ్చేసరికి జంటలు విరిగి ఏదో కొత్తది కుదిరింది. వెనక డ్రమ్స్ కుర్రాడు దాన్ని అందుకున్నాడు. తర్వాత పలకరిస్తే, "టెన్షన్‌లో ఇంకేం గుర్తు రాలేదు అంకుల్" అంది.

ఆ టెన్షనే నాకు కావాలి, మన స్టేజీ మీద. పిల్లలకి సరళీస్వరాలూ వర్ణాలూ వద్దని ఎవరన్నారు? జాజ్ వాళ్ళూ గంటల కొద్దీ స్కేళ్ళు సాధన చేస్తారు. కానీ ఫిడేలు, మృదంగం, గాత్రం నేర్పే గురువులు ఏనాడో వచ్చే కల్పనస్వరాన్ని పై మెట్టు మీద దాచి ఉంచుతారు. చాలామంది పిల్లలు కాలేజీకి పోయేలోగా ఆ మెట్టు దాకా రారు. స్కూల్ బ్యాండ్‌లో మాత్రం ఆరో తరగతిలోనే తప్పో ఒప్పో నాలుగు బార్లు సొంతంగా వాయించమంటారు. పెద్ద విద్వాంసుల సంగతీ ఇలాంటిదే. సౌత్ సైడ్‌లో 75వ వీధి క్లబ్బులో శాక్సఫోన్ దిగ్గజం వాన్ ఫ్రీమన్ మంగళవారం రాత్రుళ్ళు తను వాయించాక కుర్రాళ్ళని పిలిచి పక్కన నిలబెట్టుకునేవాడు. ఫ్రెడ్ ఆండర్సన్ అయితే వెల్వెట్ లౌంజ్ అనే క్లబ్బుని తనే నడిపాడు. గుమ్మం దగ్గర డబ్బులు తీసుకోవడం, బార్ వెనక నిలబడటం, ఆపైన స్టేజీ ఎక్కి కుర్రాళ్ళతో కలిసి వాయించడం, అన్నీ ఆయనే. ఈ ఊరి వాద్యకారుల్లో ఎంతమందో ఆ రెండు చోట్లా తప్పులు చేసి పైకొచ్చినవాళ్ళే.

మన వైపు నుంచి ఉదాహరణ కావాలంటే పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఉన్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడితే ఈ పిల్లవాడు తీగల మీద వెతుక్కుని పట్టుకునేవాడు. అలా నేర్చినవాడు 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో వాయించి అక్కడి శ్రోతల్ని లేచి నిలబడేట్టు చేశాడు. తన సంగీతాన్ని జాజ్‌గా మార్చుకోలేదు. కర్ణాటక సంగీతమే వాయించాడు. వాళ్ళకి అది పరాయిగా వినిపించకపోవడానికి కారణం, తమ ఎదుటే అది పుడుతోందని వాళ్ళ చెవులకి తెలియడం. తర్వాత గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించినప్పుడూ అంతే. 2014లో నలభై అయిదేళ్ళకే పోయాడు. ఏటా ఏదో ఒక స్టేజీ మీద ఆయన ఫొటోకి దండ వేస్తాం, ఆ పక్కనే ట్రాక్ నడుస్తూ ఉంటుంది.

ఇక్కడ ఒక భయం చెప్పుకోవాలి. నేనడిగేది విన్నాక ఎవరో ఉత్సాహవంతులు "ఫ్యూజన్ పెడదాం" అంటారు. ఫ్యూజన్ అంటే నాకు భయం. తబలా ఒక మూల, డ్రమ్స్ ఒక మూల, కీబోర్డ్ మీద సినిమా పాట, చివర అందరూ కలిసి గట్టిగా. ఒకరిది ఒకరు వినరు. వినకుండా వాయిస్తే అది ఎన్ని వాద్యాలు కలిసినా ట్రాకే.

కాబట్టి కమిటీ వారికి నా అర్జీ చిన్నది. ఈ దీపావళి కార్యక్రమంలో ఒక గంట, ట్రాక్ లేకుండా. ఒక రాగం, ఒక తాళం ముందు అనుకుందాం, శుద్ధ ధన్యాసి, ఆదితాళం అయినా సరే. అయిదారుగురు పిల్లలు, వాళ్ళకి తోడు ఇక్కడే ఉన్న ఇద్దరు విద్వాంసులు. వాళ్ళకి శాలువాతో సరిపెట్టకుండా చెక్కు ఇవ్వాలి. సినిమా సింగర్‌కి బిజినెస్ క్లాస్ టికెట్ ఇస్తున్నాం, మృదంగం మాస్టారికి పార్కింగ్ డబ్బులు కూడా ఇవ్వం. సౌండ్ చెక్‌కి అరగంట, వాయించేవాళ్ళకి ఒకరిది ఒకరికి వినపడేట్టు మానిటర్లు. స్టార్ నైట్ ఎక్కడికీ పోదు, దాని టైమ్ దానిదే. ఈ గంట ఎక్కణ్ణుంచి తేవాలంటారా, సన్మానాలకీ స్పాన్సర్ల ఉపన్యాసాలకీ పట్టే టైమ్ ఒకసారి గడియారం పెట్టి చూడండి.

పిల్లల్ని నేను కొంత కూడగట్టాను. మృదంగానికి ఇద్దరు, వయొలిన్‌కి ఒకరు, శాక్సఫోన్‌కి ఆ అమ్మాయి ఒప్పుకున్నారు. డ్రమ్స్ ఒకరింట్లో బేస్‌మెంట్‌లో దుమ్ము పట్టి ఉన్నాయి, తుడిచి తెస్తామన్నారు. బేస్ వాయించేవాళ్ళే ఇంకా దొరకలేదు. హైస్కూల్ ఆర్కెస్ట్రాలో డబుల్ బేస్ వాయించే పిల్లలు మీ ఇంట్లో ఉంటే కల్చరల్ కమిటీకి ఒక మెసేజ్ పెట్టండి. అది మీ వ్యాన్‌లో పడుతుందో లేదో కూడా రాయండి, లేకపోతే మావాడి పికప్ ట్రక్ అడుగుతాను.