ఆకులన్నీ ఊడ్చేస్తే పొన్నంకి ఎక్కడ దిగాలి?

అక్టోబరు చివర్లో ఒక పొద్దున మా పెరట్లో సపోటా చెట్టు కింద ఎండుటాకులు కదులుతుంటే తొండేమో అనుకున్నాను. తీరా చూస్తే పిట్ట. గోరింక కంటే కాస్త చిన్నది, పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, తోక కింద కుంకుమ ఎరుపు, కంటి మీదుగా దట్టమైన నల్లగీత. ఒక్కో ఆకునీ ముక్కుతో తిప్పి కింద ఏముందో చూసుకుంటోంది. పొన్నంకి పిట్ట! హిందీలో నవరంగ్ అంటారు. పొద్దున, సాయంత్రం ఈల వేస్తుంది కాబట్టి తమిళంలో దీన్ని ఆరు గంటల పిట్ట అంటారు.

దీని శాస్త్రీయ నామంలో ఉన్నది మన తెలుగు మాటే. 1816లో వియెయో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఈ ప్రజాతికి ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా దీని చుట్టాలందరినీ ఇవాళ ఆ పేరుతోనే పిలుస్తారు. నాకైతే ఇది చాలా గర్వంగా అనిపిస్తుంది.

హిమాలయాల దిగువన, మధ్య భారతం అడవుల్లో వానాకాలం గూడు పెట్టుకుని, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ వస్తుంది. ప్రయాణం రాత్రిపూట. యాభై అరవై గ్రాముల ప్రాణి, తెల్లారేసరికి అలసిపోయి ఎక్కడ వీలైతే అక్కడ వాలుతుంది. అందుకే మెట్ల కిందా, వరండాల్లోనూ, ఆఫీసు కారిడార్లలోనూ కనిపిస్తుంటుంది. జనం ‘దారి తప్పి వచ్చింది పాపం’ అంటారు గానీ అది వచ్చింది దాని దారినే, మధ్యలో మన ఊరు ఉందంతే.

ఇలాంటి పిట్ట కనిపిస్తే అదృష్టం అనేస్తారు, నేను ఒప్పుకోను. అది మన మీదుగా ఎగరడం మన చేతిలో లేదు, నిజమే, కానీ దిగాక దానికి తిండి దొరకాలా వద్దా అన్నది మాత్రం చాలావరకు మన చీపురు మీదే ఆధారపడి ఉంది. దాని తిండి ఆకుల కింద పురుగులు, వానపాములు. మనమేమో పెరడంతా సిమెంటు చేసి, మిగిలిన జానెడు మట్టి మీద ఆకు పడగానే ఊడ్చి కుప్పేసి కాల్చేస్తున్నాం. పాముల భయం ఉంటుంది, కాదనను. గుమ్మానికి దూరంగా చెట్టు మొదట్లో ఒక్క మూల వదిలితే చాలు. దోమలంటారా, అవి నిలవ నీళ్లలో పెరుగుతాయి, ఎండుటాకుల్లో కాదు.

అందరి కళ్లూ రంగుల పిట్ట మీదే ఉంటాయి గానీ, నా మనసు ఎక్కువగా గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న వలస పిట్ట మీద ఉంటుంది. పది గ్రాములు కూడా ఉండదు. వేప కొమ్మల్లో ‘చి-విట్’ అంటూ తిరుగుతుంది, రంగు ఆకుల్లో కలిసిపోతుంది కాబట్టి చెవితో పట్టుకోవాల్సిందే. చలికాలమంతా తన చోటుని వేరేవాటి నుంచి కాపాడుకుంటుంది, మరుసటేడు మళ్లీ ఆ చోటుకే రావడానికి చూస్తుంది. వేసవిలో ఎవరో ఆ వేపచెట్టు కొట్టేశారనుకోండి, హిమాలయాలు దాటి వచ్చిన ఆ పిట్టకి ఉండే చోటే లేదు. ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు, అసలు అది ఉందనే ఎవరికీ తెలియదు కాబట్టి.

అందుకే రాసిపెట్టండి. తేదీ, చోటు, వీలైతే ఫోన్లో ఫొటో, కూత రికార్డింగ్. చూసిన పిట్టల వివరాలు ఎవరైనా నమోదు చేయగల ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టడం పెద్ద పనేం కాదు. 2023లో వచ్చిన మన దేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులని పరిశీలించింది, దానికి ఆధారం ముప్పై వేల మందికి పైగా మామూలు పక్షిప్రేమికులు పంపిన వివరాలు. మన పాలపిట్ట తగ్గిపోతోందని తెలిసింది కూడా అలాగే.

ఒక ముఖ్యమైన మాట. అద్దానికి కొట్టుకుని పిట్ట పడిపోతే నోట్లో నీళ్లు పోయకండి, ప్రాణానికే ప్రమాదం. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా, నిశ్శబ్దంగా ఒకటి రెండు గంటలు ఉంచి, తేరుకున్నాక చెట్ల దగ్గర వదిలేయండి. పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో డాబా మీద పెద్ద లైట్లు ఆపేస్తే ఈ దెబ్బలు కొన్నైనా తప్పుతాయి.

మా పొన్నంకి మూడు రోజులు ఉంది. నాలుగో రోజు ఈల వినపడలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఇవి మళ్లీ ఉత్తరానికి బయల్దేరతాయి. అప్పటిదాకా సపోటా కింద ఊడ్వొద్దని ఇంట్లో చెప్పాను.