పేరున్న కాలేజీ, పేరుకుపోయే అప్పు

ఇక్కడ అమెరికాలో, కాలేజీ సీట్లు తేలే ఏప్రిల్ నెలలో మన తెలుగువాళ్ల ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా ఒకటే ప్రశ్న: "మీవాడికి ఎక్కడొచ్చింది?" కాలేజీ పేరు చెబుతాం. ఎంతకు వచ్చిందో ఎవరూ అడగరు. అడిగినా మనం చెప్పం.

మూడేళ్ల క్రితం మా అమ్మాయికి ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి లెటర్ వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో అభినందనలు, కింద 'మీ అవార్డులు' అని పట్టిక. మొదటి వరుసలో యూనివర్సిటీ గ్రాంటు, తిరిగి కట్టక్కర్లేని డబ్బు. రెండో వరుసలో క్యాంపస్‌లో పనిచేస్తే ఇచ్చే వర్క్-స్టడీ. తర్వాతి రెండు వరుసల్లో 3,500, 2,000 డాలర్లు. అన్నీ కలిపి అడుగున మొత్తం వేశారు. ఆ మొత్తం చూసి నేను మురిసిపోతుంటే మా అమ్మాయి మూడో వరుస మీద వేలు పెట్టి, "నాన్నా, లోన్ కూడా అవార్డేనా?" అంది.

నిజమే. ఆ రెండూ కలిపి 5,500, మొదటి ఏడాది విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం మామూలుగా ఇచ్చే అప్పు. ఇరవై ఏళ్లుగా జీతం కోసం ఎక్సెల్ షీట్లు చూస్తున్న నాకు అది తట్టలేదు. అప్పునూ, వర్క్-స్టడీనీ కొట్టేసి మళ్లీ కూడాం. నాలుగేళ్లకు మేం కట్టాల్సింది అప్పటికి మా ఇంటి మీద మిగిలిన లోన్‌కి దాదాపు సమానం.

స్కాలర్‌షిప్ అనగానే మనవాళ్లకు పోటీలే గుర్తొస్తాయి. కోకాకోలా స్కాలర్స్ ఉంది, 20,000 డాలర్లు ఇస్తారు, దేశం మొత్తం మీద ఏడాదికి 150 మందికి. హైస్కూల్ పిల్లలకు దేశవ్యాప్తంగా జరిగే నేషనల్ మెరిట్ పోటీ ఉంది, ఆ సంస్థ నేరుగా ఇచ్చేది ఒక్కసారికి 2,500 డాలర్లు. వీటిని గెలిచిన పిల్లలకు జోహార్లు. కానీ ఇలాంటివి ముప్ఫై నలభై వెతికి, ప్రతిదానికీ ఎస్సే రాయిస్తూ సీనియర్ ఇయర్ (పన్నెండో తరగతి) అంతా పిల్లల్ని పీల్చి పిప్పి చేస్తున్నాం. పెద్ద డబ్బు కాలేజీల దగ్గరే ఉంది. అదే నేషనల్ మెరిట్ ఫైనలిస్టు టెక్సస్‌లోని యూటీ డాలస్ యూనివర్సిటీకో, అలబామా యూనివర్సిటీకో వెళ్తే ట్యూషన్, అంటే చదువు ఫీజు, మొత్తం వాళ్లే భరిస్తారు. జార్జియాలో హోప్, జెల్ మిల్లర్, ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ అనే రాష్ట్ర స్కాలర్‌షిప్పులు అమ్మానాన్నల ఆదాయం ఎంతున్నా మార్కుల మీదే ఇస్తారు. అంటే స్కాలర్‌షిప్ సగం మన పిల్లల ప్రతిభ, సగం మనం ఎక్కడ అప్లై చేయించామన్నది.

ఇక్కడే మన బ్రాండు పిచ్చి అడ్డొస్తుంది. హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది ఐవీ లీగ్ కాలేజీలేవీ ప్రతిభ చూసి ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇచ్చేదంతా ఇంటి ఆదాయం, ఆస్తులు చూసే. 2025 నుంచి హార్వర్డ్, ఎంఐటీ రెండూ 2 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న ఇళ్లకు, ఆస్తులు మామూలుగా ఉంటే, ట్యూషన్ తీసేశాయి. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఇది వరమే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటి కథ వేరు. సాయం అడగడానికి జీతం ఎక్కువ, ఫీజు కట్టడానికి తక్కువ. అక్కడ సీటొచ్చిన పిల్లే మరో మంచి కాలేజీలో టాపర్ల వరుసలో ఉంటుంది. అలాంటి పిల్లను రప్పించుకోవడానికే ఆ కాలేజీ డబ్బిస్తుంది. మనం మాత్రం ఆ పేరు పార్టీలో ఎవరికీ తెలియదని వదిలేస్తాం.

ఫెడరల్ సాయం అందుకునే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో, సాయం పోను మనం కట్టాల్సింది లెక్కగట్టే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉండాలని 2011 నుంచి చట్టమే ఉంది. జీతం, ట్యాక్స్ రిటర్న్ దగ్గర పెట్టుకుంటే పది పదిహేను నిమిషాల పని. మన ఖర్చు ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. టెన్త్ గ్రేడ్‌లోనే ఒక ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చేయాలంటాను. చాలామంది ఇళ్లలో డబ్బు మాట ఎత్తితే "నీకెందుకు, నువ్వు చదువుకో, మేం చూసుకుంటాం" అంటాం. ప్రేమతోనే అంటాం. తీరా ఆఫర్ చేతికొచ్చాక "అంత కట్టలేం నాన్నా" అంటే ఆ పిల్లాడి మొహం చూడలేక తల్లిదండ్రులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్‌కి సంతకం పెడతాం. అప్పు చేసి పప్పుకూడు అని నవ్వుకునే మనమే! 2026 జులై నుంచి ఆ లోన్‌కి ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్లని పరిమితి. కొంతమందికి ఇబ్బందే, నాకైతే మంచిదే అనిపిస్తుంది.

గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న ఇళ్ల సంగతి మన సమావేశాల్లో సరిగా చర్చకే రాదు. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లకు ఫెడరల్ సాయమూ లేదు, ఫెడరల్ లోనూ లేదు. బయటి స్కాలర్‌షిప్పుల్లో చాలావాటి ఫారంలో మొదటి ప్రశ్నే పౌరసత్వం. మూడేళ్లప్పుడు ఇక్కడికొచ్చి, స్కూల్లో రోజూ అమెరికా జెండా ముందు ప్లెడ్జ్ (ప్రతిజ్ఞ) చదివిన పిల్ల ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. కాలేజీలు సొంతంగా ఇచ్చే మెరిట్ డబ్బుకు చాలాచోట్ల ఈ అడ్డు ఉండదు. వెబ్‌సైట్‌లో స్పష్టంగా లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి అడగాలి. అడగడానికి మొహమాటం దేనికి?

ఇంకో మెలిక. బయట నుంచి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే కొన్ని కాలేజీలు తామిచ్చే గ్రాంటులో అంత కోత పెడతాయి. ఎస్సేలు రాసే ముందే ఆ కాలేజీ పద్ధతేమిటో కనుక్కోండి.

మన తెలుగు సంఘం ఏటా స్టేజీ మీద పిల్లలకు శాలువా కప్పి చెక్కు ఇస్తోంది. ఇవ్వనివ్వండి. దాంతోపాటు మార్చి చివర ఒక సాయంత్రం, పేర్లు కొట్టేసిన నాలుగైదు అవార్డు లెటర్లు తెర మీద పెట్టి, ఏది గ్రాంటు, ఏది అప్పు, ఏ స్కాలర్‌షిప్ జీపీఏ (మార్కుల సగటు) తగ్గితే పోతుంది అని వరుస వరుసా చదివి చూపిద్దాం. పిల్లల్ని కాలేజీకి పంపినవాళ్లు వచ్చి ఎంత కట్టారో దాపరికం లేకుండా చెప్పాలి. ముందు నేను చెబుతాను.

మా అమ్మాయి స్టేట్ యూనివర్సిటీలో, బాగా చదివేవాళ్ల కోసం నడిపే ఆనర్స్ ప్రోగ్రాంలో చేరింది, అప్పు లేకుండా. మొదటి ఏడాది ఎవరైనా అడిగితే యూనివర్సిటీ పేరు చెప్పి, గబుక్కున "ఆనర్స్ అండీ" అని తగిలించేవాణ్ణి. ఒకరోజు పార్టీ నుంచి తిరిగొస్తుంటే కారులో వెనక సీట్లోంచి అంది: "నాన్నా, ఈసారి ఎంతకొచ్చిందో కూడా చెప్పు. అప్పుడు నీ గొంతు అంత తగ్గదు."