విశాఖ చేపల రేవును ఊరవతలికి పంపేయాలట!

వారం నుంచి ఒకటే మెసేజ్. అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో అదే, చివరికి మా బావ కూడా "ఆలోచించాల్సిన విషయమే" అని తోక తగిలించి మరీ పంపాడు. సంగతేంటంటే, విశాఖ ఫిషింగ్ హార్బర్ కంపు కొడుతోందట, వేట లేని రెండు నెలలు ప్రభుత్వం జాలర్లను కూర్చోబెట్టి మేపుతోందట, ఎలాగూ మనం తినేవి చెరువు చేపలేనట. కాబట్టి బోట్లను నలభై కిలోమీటర్ల అవతలికి తోలేసి అక్కడ దుబాయ్, సింగపూర్‌లా మెరీనా (షికారు పడవల రేవు), హోటళ్లు కట్టాలట. మియాపూర్‌లో కూర్చుని సముద్రానికి తీర్పులు!

కంపు సంగతి: చేపల రేవులో చేపల వాసనే వస్తుంది. తర్వాతది చూద్దాం.

కూర్చోబెట్టి మేపడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు వేటకు పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. బోటు కట్టేసుకోమన్నది ప్రభుత్వమే. ఆంధ్రాలో అందుకిచ్చే భృతి 2019లో 4,000 నుంచి 10,000 అయింది, 2025లో 20,000 చేశారు. అంటే ఇంటికి రోజుకు 330 రూపాయలు కూడా పడదు. మేపడమంటే ఇదన్నమాట.

చెరువు చేపల మాట మాత్రం నిజం. మృగశిర కార్తె వేట నిషేధంలోనే వస్తుంది, అయినా ఆ రోజు హైదరాబాద్ రాంనగర్ మార్కెట్లో కొరమీనుకు, రవ్వకు లోటుండదు. కానీ వంజరం, చందువా ఏ చెరువులో పడతాయో ఎవరైనా చెబితే వెళ్లి చూసొస్తా.

ఇక "రేవు ఎక్కడైనా కట్టుకోవచ్చు కదా" అన్న ముక్క. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ, పోర్టు కట్టిన రాళ్ల గోడలు అడ్డం ఉన్నాయి గనక లోపల నీళ్లు నిలకడగా ఉంటాయి. అడ్డేమీ లేని తీరంలో బోట్లు నిలవాలంటే సముద్రంలోకి అలాంటి గోడలే కట్టాలి. మన తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, గోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ ఔటర్ హార్బర్ కట్టాక ఇదే జరిగి, ఆర్‌కే బీచ్‌కు డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోస్తున్నారు. కొత్త రేవు కడితే ఆ గతి ఇంకో ఊరికి పడుతుంది.

సరే, కట్టేశారనుకుందాం. తెల్లారుజామున బోటు గట్టుకు తగలగానే వేలం పాట మొదలవుతుంది. నలుగురైదుగురు ఆడవాళ్లు డబ్బులు కలిపి ఒక కుప్ప పాడుకుంటారు, అక్కడే వాటాలేసుకుని, ఐసు చల్లి, తట్టలు ఆటోలోకి ఎక్కించి, ఎండ ముదరకముందే కాలనీల్లో అమ్మేస్తారు. రేవు నలభై కిలోమీటర్లు జరిగితే మిగిలేది ఆటో కిరాయికే చాలదు. బోటు ఓనరు ఎలాగోలా నెట్టుకొస్తాడు, ముందు మునిగేది ఈ ఆడవాళ్లే. ఐసు ఫ్యాక్టరీ, డీజిలు బంకు, ఇంజన్ మెకానిక్, చిరిగిన వల కుట్టేవాడు, వీళ్లంతా నడిచి వెళ్లేంత దూరంలో ఉంటేనే అది రేవు. మెసేజ్‌లో వీళ్లెవరూ లేరు, హోటళ్లు మాత్రం ఉన్నాయి. 1991లో వచ్చిన సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో కట్టడాలకు హద్దులు పెట్టే) నోటిఫికేషన్ ఉద్దేశాల్లో ఒకటి, నీటి అంచున కొత్త నిర్మాణాలు అక్కడ తప్ప కుదరని పనులకే అని. హోటలు కొండ మీదైనా నడుస్తుంది, బోటు కొండెక్కదు కదా.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, ఆ రేవు ఇప్పుడున్నట్టు ఉండకూడదు. బోట్లు ఒకదానికొకటి ఆనుకుని కిక్కిరిసి ఉంటాయి, 2023 నవంబరు 19 రాత్రి ఒకదాంట్లో రేగిన మంట అంటుకుని ముప్పైకి పైగా బోట్లు కాలాయి. నీళ్ల మీద నూనె తెట్టు కూడా నిజమే. అందుకు బోట్ల మధ్య ఖాళీ, మంటలార్పే ఏర్పాట్లు, వాడేసిన నూనె వేయడానికి ఓ చోటు కావాలి. స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటలుతో ఇందులో ఏదీ తీరదు.

మిగిలింది దుబాయ్, సింగపూర్ ముచ్చట. దుబాయ్ క్రీక్‌లో, డేరా గట్టున, చెక్క పడవల్లోంచి ఇవాళ్టికీ సరుకు దింపుతున్నారు. సింగపూర్‌లో జూరాంగ్ ఫిషరీ పోర్టు ఉంది, అర్ధరాత్రి దాటాక అక్కడ చేపల బేరాలు జోరుగా నడుస్తాయి. కాపీ కొట్టేవాళ్లు సగం సగం కాకుండా పూర్తిగా కొట్టండి బాబూ.