పడినవి, పడనివి, పడి ఎండినవి

మా చిన్నాయన బోర్లకు నీళ్లు చూసేవాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తుంటే, కింద జల ఉన్న చోట కాయ లేచి నిలబడుతుంది. అది నిజంగా లేస్తుందా, చేతివాటమా అని కాలేజీ రోజుల్లో ఆయనతో చాలాసార్లు గొడవపడ్డాను. గ్రానైట్ రాయి మీద పలచగా మట్టి పరుచుకున్న జిల్లా మా అనంతపురం. లోతుకు పోతే రాతి పగుళ్లలో తప్ప నీళ్లుండవు. ఆ పగులు ఎక్కడుందో కొబ్బరికాయకు ఎట్లా తెలుస్తుంది? ఇప్పటికీ నా మాట అదే.

నవంబరు మొదటివారంలో చిన్నాయన పోయాడు. దినాలు అయ్యాక చిన్నమ్మ ఒక లాంగ్ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. అట్ట చిరిగితే పాత క్యాలెండరు కాగితం వేసి దబ్బనంతో కుట్టుకున్నాడు. లోపల స్కేలుతో గీసిన గళ్లు. తేదీ, ఊరు, రైతు పేరు, అడుగులు. ఆఖరి గడిలో మూడింట్లో ఏదో ఒకటి: పడింది, పడలేదు, పడి ఎండింది. కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఆయన ఇన్నేళ్లుగా పెట్టిన బోరు పాయింట్లన్నీ అందులో ఉన్నాయి.

నీళ్లు చూసేవాళ్లను మా వైపు చాలామందినే చూశాను. పడిన బోర్ల గురించి గంటలకొద్దీ చెబుతారు. పడనివి రాసిపెట్టుకున్న మనిషిని మాత్రం ఈయన్నే చూశాను. డిసెంబరు నెలంతా రాత్రిళ్లు ఆ పుస్తకమే తిరగేశాను. ఏడాది చివర ఎటూ అందరం లెక్కలు చూసుకుంటాం కదా, ఈసారి నేనూ ఆఖరి గడి ఒకటి గీసుకుని 2025ను చూద్దామనిపించింది.

ముందు ఆయన లెక్క. 2018 కరువు ఏడాది. ఆ పేజీలో 'పడలేదు' వరసగా పదకొండుసార్లు ఉంది. ఒకచోట అడుగుల గడిలో 870 అని రాసి, దాని కింద చిన్న అక్షరాలతో 'దుమ్మే లేచింది' అని రాసుకున్నాడు. అడుగుకు ఇంతని కట్టే రైతుకు ఆ 870 అంటే ఏమిటో మా జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 2022కు వస్తే పేజీ మొత్తం మారిపోయింది. ఆ అక్టోబరులో అనంతపురం టౌన్లోనే కాలనీలు మునిగాయి, వంకలు రోడ్లెక్కాయి. ఆ తర్వాత పెట్టిన పాయింట్లు దాదాపు అన్నీ పడ్డాయి. కొబ్బరికాయ అదే, చెయ్యీ అదే. పేజీ అంచున పెన్సిల్‌తో ఒక ముక్క ఉంది: 'వాన బాగుంటే నేను గొప్పోణ్ని.'

ఈ ముక్క చదివి చాలాసేపు నవ్వుకున్నాను, తర్వాత నవ్వు రాలేదు. మార్కెట్ పెరిగిన ఏడాది షేర్ల సలహాదారు, ఆర్థిక వ్యవస్థ బాగున్న ఏడాది మంత్రి, నోటిఫికేషన్ వచ్చిన ఏడాది కోచింగ్ సెంటర్, అందరూ గొప్పోళ్లే. తేడా అల్లా, పెన్సిల్ తీసుకుని ఆ మాట రాసుకునేవాళ్లు లేరు.

కోచింగ్ సెంటర్ అన్నాను కాబట్టి నా సంగతి. టౌన్లో ఒక సెంటర్లో డీఎస్సీ అభ్యర్థులకు సైకాలజీ చెబుతాను. 16,347 టీచర్ పోస్టుల మెగా డీఎస్సీ మీద ముఖ్యమంత్రి తొలి సంతకం 2024 జూన్ 13న పడింది. నోటిఫికేషన్ నవంబరులో ఖాయమని క్లాసులో చెప్పాను. రాలేదు. ఫిబ్రవరిలో గ్యారంటీ అన్నాను. అప్పుడూ రాలేదు. వచ్చింది 2025 ఏప్రిల్ 20న. జూన్ మొదటివారం నుంచి జులై మొదటివారం దాకా పరీక్షలు, సెప్టెంబరు 25న నియామక పత్రాలు. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇది లోతుకు పోయినా చివరికి పడిన బోరు, ఒప్పుకోవాలి. నా జోస్యాలు రెండూ 'పడలేదు' కిందికే వెళ్తాయి. నా మాట నమ్మి ఉన్న ప్రైవేటు స్కూలు ఉద్యోగం నవంబరులోనే మానేసిన పిల్లలు నా క్లాసులోనే ఇద్దరున్నారు.

దరఖాస్తు పెట్టినవాళ్లు 3 లక్షల 30 వేలకు పైగా. ఒక పోస్టుకు ఇరవై మంది అనుకోండి. మిగిలిన పందొమ్మిది మంది ఎక్కడికి పోయారు? మా సెంటర్ ముందు కట్టిన ఫ్లెక్సీలో వాళ్లు లేరు. అందులో ఉన్నవి రంగురంగుల ఫొటోలు, కింద ర్యాంకులు. ఆ ఫొటోల్లో ఇద్దరు మా దగ్గర మోడల్ టెస్టులు రాయడానికి పదిహేను రోజులు వచ్చినవాళ్లు. ఫలితాల తర్వాత బ్యాచ్‌లు ఖాళీ అయ్యాయి, నాకు రెండు నెలల జీతం రావాలి, అది వేరే కథ. రాయదుర్గం వైపు నుంచి వచ్చి చదువుకున్న ఒకమ్మాయి అక్టోబరులో పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చింది. అరమార్కులో పోయింది తనకు. ఎట్లా వచ్చావమ్మా అంటే, "ఆగస్టు 15 నుంచి మాకు బస్సు ఫ్రీ గదా సార్. పోయే చోటే లేదు" అని నవ్వింది. ఏమనాలో తోచక టీ చెప్పాను.

పుస్తకం గురించి నేను ఇట్లా గొప్పగా ఊహించుకుంటున్నప్పుడు చిన్నమ్మ గాలి తీసేసింది. మొన్న ఊరికి పోయినప్పుడు, చిన్నాయన ఎంత నిజాయితీపరుడో కదా అని మొదలుపెట్టాను. ఆమె చాటలో శనక్కాయలు వొలుస్తూ తలెత్తకుండానే, "పడితేనే గదప్పా దుడ్లు. ఎవురు ఇచ్చినారో ఎవురు ఇయ్యలేదో తెల్సల్ల గదా, అందుకని రాసుకుంటాండె" అంది. అంటే అది బాకీల పుస్తకం. ఆయన షరతు అది: నీళ్లు పడితేనే డబ్బు, పడకపోతే కొబ్బరికాయ ఖర్చు కూడా తనదే.

కాసేపు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, ఇదే అసలు సంగతి అనిపించింది. నిజాయితీ మనిషి గుణం అనుకుంటాం. అది చాలావరకు డబ్బు చేతులు మారే పద్ధతిలో ఉంది. పడితేనే డబ్బు అన్నప్పుడు ఆఖరి గడి దానంతటదే పుడుతుంది. మా సెంటర్‌కు ఫీజు మొదటిరోజే కట్టాలి. అమెరికా కన్సల్టెన్సీకి ముందే కట్టాలి. బోరుబండి వాడికీ అంతే, దుమ్ము లేచినా అడుగుల లెక్క అడుగులదే. నాకు కూడా గంటకు ఇంత అని ఇస్తారు, నా జోస్యం ఫలిస్తే ఒక రూపాయి పెరగదు, తప్పితే ఒక రూపాయి తగ్గదు. మరి నేనెందుకు రాసుకుంటాను?

ఈ కొలత పెట్టి చూస్తే ప్రపంచ వార్తలు కూడా వేరుగా కనిపిస్తాయి. ఉక్రెయిన్ యుద్ధాన్ని 24 గంటల్లో ఆపేస్తానని ట్రంప్ ఎన్నికల ప్రచారంలో చెప్పాడు. జనవరి 20న గద్దెనెక్కాడు. ఆగస్టు 15న అలాస్కాలో పుతిన్‌ను కలిశాడు. ఏడాది అయిపోయింది, యుద్ధం ఆగలేదు. పడలేదు. గాజాలో జనవరి 19న కాల్పులు ఆగాయి, మార్చి 18న మళ్లీ బాంబులు పడ్డాయి. ఇది మూడో రకం, పడి ఎండింది. అక్టోబరు 10న మళ్లీ ఒక ఒప్పందం అమల్లోకి వచ్చింది. నీళ్లు వచ్చిన మొదటిరోజే పడింది అని రాయడం చిన్నాయనకు అలవాటు లేదు, ఒక ఎండాకాలం దాటనిచ్చేవాడు. నేనూ ఆ గడి ఇంకా నింపలేదు.

అమెరికా విషయంలో నా తప్పు ఇంకా పెద్దది. పక్కింటాయన తన కొడుకును ఎంఎస్‌కు పంపాలా వద్దా అని గత సంక్రాంతికి నన్నే అడిగాడు. నాలుగేళ్లలో అప్పు తీరుతుంది, పంపన్నా అన్నాను. పిల్లోడు వెళ్లాడు. సెప్టెంబరులో కొత్త హెచ్1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చింది. అప్పటి రేటుకు 88 లక్షలు. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది, అంటే ఫీజు మన లెక్కలో ఇంకా పెరిగింది. ఆయన ఇప్పుడు గేటు దగ్గర కనపడితే వాన గురించి మాట్లాడతాడు. నేనూ వాన గురించే మాట్లాడతాను.

ఇక పంటలు. ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా 50 శాతం సుంకం వేస్తే కోస్తా రొయ్యల రైతుకు దెబ్బ తగిలింది. మనకేం అనుకున్నాం. మనకు దెబ్బ తగలడానికి అమెరికా దాకా పోనక్కర్లేదని కర్నూలు మార్కెట్ యార్డు చూపించింది. ఉల్లి ధర మాత్రం బ్రహ్మాండంగా పడింది. క్వింటాలు 1,200 ప్రకారం కొంటామని, తర్వాత హెక్టారుకు 50 వేలు ఇస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. నవంబరుకు మా అరటి రైతుల వంతు. జులైలో హంద్రీ-నీవా కాలువ వెడల్పు చేసి 3,850 క్యూసెక్కుల సామర్థ్యంతో నీళ్లు వదిలారు, మంచిదే. మా చేల పక్కకు పిల్లకాలువ వచ్చిన రోజున ఆ గడి నింపుతాను.

అసలు ఎవరూ పాయింట్ పెట్టని చోట నీళ్లు పడటం కూడా ఉంది. నవంబరు 2న మహిళల ప్రపంచ కప్ గెలిచిన జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి ఉంది. ఏప్రిల్లో మొదటి వన్డే ఆడిన అమ్మాయి. ఏడాది మొదట్లో ఆ పేరు ఏ జోస్యంలో ఉంది? ఆ రాత్రి మేం ఆసుపత్రిలో ఉన్నాం. వార్డులో ఎవరిదో ఫోన్లో మ్యాచ్ నడుస్తుంటే చిన్నాయన కళ్లు తెరిచి, "మన పక్క పిల్లనా?" అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాటల్లో అదొకటి.

ఈ పుస్తకంలోకి ఎక్కించలేనివి కూడా ఉన్నాయి. మే నెలలో ఆపరేషన్ సిందూర్ నడిచిన నాలుగు రోజుల్లో గోరంట్ల మండలం కల్లితండా నుంచి వెళ్లిన సైనికుడు సరిహద్దులో చనిపోయాడు. అగ్నివీర్‌గా చేరిన కుర్రాడు. ఏ గడిలో రాస్తాం దాన్ని?

అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు తగలబడింది, 20 మంది దాకా పోయారు. అది జరిగిన రెండు రోజులకు చిన్నాయనను కర్నూలు తీసుకెళ్లమని ఇక్కడి ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాట వారం ముందు చెప్పుంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. అంబులెన్సులో గుత్తి, డోన్ దాటి పోతుంటే, చిన్నటేకూరు దగ్గర డ్రైవరు అడగకుండానే స్లో చేశాడు. కిటికీలోంచి రోడ్డు మీద నల్లటి మచ్చ కనిపించింది. పక్కన ఎవరో పెట్టిన పూలు, దాటుకుంటూ పోతున్న లారీలు. చిన్నాయన నిద్రలో ఉన్నాడు, లేపలేదు.

పుస్తకంలో ఆఖరి వరస అక్టోబరు రెండోవారంది. ఊరు ఉంది, రైతు పేరు ఉంది. అడుగుల గడి, ఆఖరి గడి ఖాళీ. మొన్న ఆ రైతుకు ఫోన్ చేసి ఎవరినో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాయి పాతి గుర్తు పెట్టినాన్నా, తియ్యలేదు. సంక్రాంతి పోనీ, బండికి చెప్పినా" అన్నాడు. పడితే డబ్బులు ఎవరికియ్యాల అని అడిగాడు. చిన్నమ్మకు అన్నాను. ఆ వరస పక్కన పెన్సిల్‌తో అతని నంబరు రాసుకున్నాను.