షరతులు వర్తిస్తాయి

మేనేజరుగారు అడిగింది చిన్న కోరికే. "ఆర్డర్ల పేజీలో ఒక ఫిల్టర్ పెట్టండి. ఒక శాఖ ఎంచుకుంటే ఆ శాఖవి, అందులోనూ పెండింగ్‌వి గానీ రద్దయినవి గానీ కనపడాలి. పావుగంట పనేగా?"

నిజానికి అంత కూడా పట్టదు, డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌ని చేత్తో రాస్తే. కానీ ప్రాజెక్టులో వెబ్‌సైట్లు కట్టే పైథాన్ చట్రం జాంగో ఉంది, జాంగోకు పైథాన్ కోడ్‌నే ఎస్‌క్యూఎల్‌గా మార్చిపెట్టే ఓఆర్‌ఎం ఉంది. ఓఆర్‌ఎం ఉండగా ఎస్‌క్యూఎల్ ముట్టుకోవడం ప్రోగ్రామరు ఇంటా వంటా లేదు.

జాంగోలో ఫిల్టర్‌కి కామాలు పెట్టి ఎన్ని షరతులిచ్చినా అన్నిటినీ 'మరియు'తోనే కలిపేస్తుంది. 'లేదా' కావాలంటే క్యూ అనే ఆబ్జెక్టు వాడాలి. ఒక్కో షరతునీ ఒక్కో క్యూలో పెట్టి, మధ్యలో నిలువు గీత (|) గీయాలి. 'మరియు'కి &, 'కాదు'కి ముందు ~. సరిగ్గా ఇక్కడే మన ప్రోగ్రామరులోని భాషాభిమాని నిద్ర లేస్తాడు. ఈ గీతలూ వంకరలూ ఏమిటి, పైథాన్‌లో అండ్, ఆర్ అని చక్కటి మాటలుండగా, అనుకుని ఇలా రాస్తాడు:

క్యూ(స్థితి='పెండింగ్') ఆర్ క్యూ(స్థితి='రద్దు')

పైథాన్ కిక్కురుమనదు. జాంగో అంతకన్నా మౌనం. పేజీ తెరుచుకుంటుంది, పెండింగ్ ఆర్డర్లు బారులు తీరి ఉంటాయి. రద్దయింది మాత్రం మచ్చుకి ఒక్కటి కూడా ఉండదు. "ఈ మధ్య ఎవరూ రద్దు చేసుకోవడం లేదన్నమాట!" అని మేనేజరుగారు పొంగిపోయి, ఆ శుభవార్త పైవాళ్లకు మెయిల్ కొట్టేస్తారు.

జరిగిందేమిటంటే, అండ్, ఆర్, నాట్ అనే మాటల అర్థం మార్చే హక్కు పైథాన్ ఏ లైబ్రరీకీ ఇవ్వలేదు. నిలువు గీతకీ, &కీ, ~కీ మాత్రం ఇచ్చింది. ఆర్ ఎడమవైపున్న క్యూని చూస్తుంది. లోపల ఒక్క షరతున్నా ఆ క్యూ 'నిజం' కిందే లెక్క. అంతే, దాన్నే చేతిలో పెట్టి, కుడివైపు దాని మొహం కూడా చూడకుండా వెళ్లిపోతుంది. అండ్ దీనికి తలకిందులు: రెండోదాన్ని ఉంచుకుని మొదటిదాన్ని గాలికొదిలేస్తుంది. నాట్ ఒక్కటే కాస్త నయం. అది ఇచ్చిన ఫాల్స్‌ని, అంటే 'అబద్ధం'ని, ఫిల్టర్ మింగలేక టైప్‌ఎర్రర్ కక్కుతుంది కాబట్టి, కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది.

సరే, గీత గీశాడు. ఇప్పుడు శాఖ షరతు:

క్యూ(శాఖ=5) & క్యూ(స్థితి='పెండింగ్') | క్యూ(స్థితి='రద్దు')

మొన్నటిదాకా ఒక్కటీ కనపడని రద్దులు ఇప్పుడు కట్టలు తెంచుకుంటాయి. మేనేజరుగారి మొహం పాలిపోతుంది. ఐదో శాఖలో ఉన్నవాటికన్నా రద్దయినవే ఎక్కువేమిటని ఆయన అనుమానం. &కి నిలువు గీత కన్నా పట్టు ఎక్కువ. కాబట్టి పై వాక్యానికి అర్థం 'ఐదో శాఖ పెండింగ్‌లు, వాటితోపాటు లోకంలోని రద్దులన్నీ' అని. రద్దు, పెండింగ్ రెండిటినీ కలిపి బ్రాకెట్లలో పెడితే తీరిపోతుంది. లేదా శాఖకి ఒక ఫిల్టర్, దాని వెనకే స్థితులకి ఇంకో ఫిల్టర్ తగిలించవచ్చు. ఈ ఉదాహరణ వరకూ స్థితి__ఇన్ అని రెండు విలువల జాబితా ఇస్తే క్యూ అవసరమే లేదు. కానీ ఆ సంగతి ఎవరికైనా ఆఖర్నే గుర్తొస్తుంది. పీహెచ్‌పీ భాషలో జాంగోలాంటిదైన లారావెల్ వాడేవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. అక్కడ షరతు పెట్టే వేర్ తర్వాత, 'లేదా' అనే ఆర్‌వేర్‌ని బ్రాకెట్ల పని చేసే క్లోజర్‌లో చుట్టకుండా తగిలిస్తే ఇదే తమాషా.

అసలు తమాషా టిక్ పెట్టెలతో మొదలవుతుంది. వాడుకరి ఎన్ని స్థితులకు టిక్ పెడితే అన్ని క్యూలు ఒక జాబితాలో చేరతాయి, రెడ్యూస్ అనే పైథాన్ ఫంక్షన్ వాటన్నిటినీ నిలువు గీతతో కలుపుతుంది. ఏ టిక్కూ పెట్టకపోతే జాబితా ఖాళీ. ఖాళీ జాబితాను కలపమంటే మొదటి విలువ ఏదని రెడ్యూస్ టైప్‌ఎర్రర్ ఇస్తుంది. అది దాని ధర్మం. ప్రోగ్రామరు దాని నోరు మూయించడానికి మొదటి విలువగా ఒక ఖాళీ క్యూ() ఇస్తాడు. ఎర్రర్ పోతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఖాళీ క్యూ అంటే జాంగోకి 'ఏదీ వద్దు' అని కాదు, 'అడ్డేమీ లేదు' అని. ఏ టిక్కూ పెట్టకపోతే టేబుల్ మొత్తం వచ్చి పడుతుంది.

చూసే పేజీ అయితే పర్వాలేదు. సాయంత్రానికల్లా అదే కోడ్‌ని 'ఎంచుకున్నవి తొలగించు' బటన్‌కి అతికిస్తారు. ఎవరో ఏమీ ఎంచుకోకుండానే బటన్ నొక్కుతారు. ఫిల్టర్(క్యూ()).డిలీట్() గుడ్డెద్దు చేలో పడ్డట్టు టేబుల్‌లో పడి, ఒక్క వరుస మిగల్చకుండా మేసేస్తుంది. పోనీ చెప్పకుండా పోతుందా అంటే అదీ లేదు, ఎన్ని తొలగించిందో మోడల్ వారీగా లెక్క కట్టి మరీ చేతికిస్తుంది.

అందుకని మొదటి విలువగా క్యూ(పీకే__ఇన్=[]) ఇవ్వాలి. పీకే అంటే ఒక్కో వరుసకీ ఉండే గుర్తింపు. ఖాళీ జాబితాలో ఏ వరుసా ఉండదు కాబట్టి దీనర్థం 'ఏదీ వద్దు'. 'లేదా'తో కలిసినప్పుడు పక్కకు తప్పుకుంటుంది, మిగతా షరతులకు అడ్డు రాదు. ఒంటరిగా మిగిలితే జాంగో డేటాబేస్ దాకా వెళ్లను కూడా వెళ్లదు. అయితే దీనికీ ఒక పితలాటకం ఉంది: తయారైన క్వెరీ ఎలా ఉందో చూద్దామని ప్రింట్ చేయబోతే, ఎంప్టీరిజల్ట్‌సెట్ అని మొహం మీదే ఎక్సెప్షన్ విసురుతుంది. మామూలు క్వెరీలనైనా ఇలా ప్రింట్ చేసి ఎస్‌క్యూఎల్ విండోలో అతికిస్తే నడుస్తాయని పూచీ లేదు. తేదీలకూ అక్షరాల విలువలకూ కొటేషన్లు ఉండవు.

పైథాన్‌లోనే ఇంకో ఓఆర్‌ఎం అయిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాడేవాళ్ల కష్టం వేరు. అక్కడ ఖాళీ విలువలు వెతకడానికి కాలమ్ == నన్ (పైథాన్‌లో నన్ అంటే 'ఏమీ లేదు') అని రాస్తే, అది బుద్ధిగా ఎస్‌క్యూఎల్‌లో 'ఖాళీయా' అని అడిగే 'ఈజ్ నల్' అయిపోతుంది. ఇంతలో కోడ్‌కి ఒద్దిక నేర్పే లింటర్ వచ్చి, ఈ711 అనే నియమం చూపించి, నన్‌తో == వాడకూడదు, ఈజ్ వాడాలని గదమాయిస్తుంది. మర్యాదస్తుడైన ప్రోగ్రామరు వెంటనే కాలమ్ ఈజ్ నన్ అని మార్చేస్తాడు. కాలమ్ ఆబ్జెక్టు ఎన్నటికీ నన్ కాదు కనుక పైథాన్ దాన్ని అక్కడికక్కడే ఫాల్స్ చేసేస్తుంది. డేటాబేస్‌కి చేరే షరతు అదే, ఫాల్స్. లింటర్ పచ్చగా ఉంటుంది, పేజీ ఖాళీగా ఉంటుంది. కాలమ్.ఈజ్_(నన్) అని రాస్తే ఇద్దరికీ సమ్మతమే. ఆ చివరి అండర్‌స్కోర్ మరిచిపోతే పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది, ఇన్ని మౌనాల మధ్య అదో ఊరట.

మళ్లీ జాంగోకి వస్తే, మేనేజరుగారి చివరి కోరిక: ఈ నెల ఆర్డర్లు, ఒకటో తేదీ నుంచి ముప్పై ఒకటి దాకా. సమయంతో సహా దాచే కాలమ్ మీద ఎల్‌టీఈ (అంతకు సమానం లేదా తక్కువ) అని ముప్పై ఒకటో తేదీ ఇస్తే, జాంగో దాన్ని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి సున్నా గంటలుగా తీసుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లు ఈ నెలలో రావు. వచ్చే నెల ఒకటో తేదీ కన్నా తక్కువ, అంటే ఎల్‌టీ, అని రాస్తే వస్తాయి. __డేట్ తగిలించినా వస్తాయి గానీ, అప్పుడు ప్రతి వరుసలోని సమయాన్నీ తేదీగా మార్చి చూడాల్సి రావడంతో వెతుకులాటను వేగం చేసే మామూలు ఇండెక్సు ఉండీ అక్కరకు రాకపోవచ్చు. మేనేజరుగారికి ఈ గొడవలేవీ అక్కర్లేదు. నెలాఖరు రోజు ఎవరూ ఏమీ కొనడం లేదని గ్రహించి, ఆ రోజుకి ప్రత్యేక తగ్గింపు ప్రకటించేశారు.