ఈసారైనా తేదీ చెబుతారా?

2024 సెప్టెంబర్ 21, శనివారం. అధ్యక్ష ఎన్నికల పోలింగ్ ముగిసిన ఆ రాత్రి పది గంటల నుంచి శ్రీలంక అంతటా కర్ఫ్యూ. వీధుల్లో పోలీసులు, ఇళ్లల్లో ఫోన్లు పట్టుకుని ఫలితాల కోసం కూర్చున్న కుర్రకారు. వాళ్లలో తొలిసారి ఓటేసిన పిల్లల సంగతి చూడండి. 2022 మార్చిలో ప్రశ్నపత్రాల అచ్చుకు కాగితం లేక పశ్చిమ ప్రావిన్స్‌లో బడి పరీక్షలు ఆగిపోయాయి. ఆనాడు పదకొండో తరగతిలో ఉన్నవాళ్లకు ఈ ఎన్నికల నాటికి ఓటొచ్చింది. పరీక్షకు దొరకని కాగితం 39 పేర్ల బారెడు బ్యాలెట్‌గా చేతికొచ్చింది. దాని మీద వాళ్లు గీసిన గీతలో ఎంత ఆశ ఉందో వేరే చెప్పాలా?

2019లో మూడు శాతం ఓట్లతో సరిపెట్టుకున్న అనుర కుమార దిసనాయకే ఈసారి 42 శాతంతో ముందు నిలిచి, ఎవరికీ సగానికి మించి ఓట్లు రానప్పుడు చేసే, అక్కడ అంతకుముందు ఎన్నడూ అవసరపడని రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు కూడా దాటి గెలిచారు. మన రాష్ట్రపతిని ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. అక్కడ ఓటరే నేరుగా ఎన్నుకుంటాడు. అధికారమంతా ఆ కుర్చీలోనే పోగుపడి ఉంటుంది. మా భయం ఆ కుర్చీ గురించే.

1978లో అధ్యక్షుడు జయవర్ధనే తయారుచేసిన ఆ కార్యనిర్వాహక అధ్యక్ష పదవిని రద్దు చేస్తామని చెప్పి ఎందరు గెలవలేదు? 1994లో చంద్రిక కుమారతుంగ అన్నారు. 2005లో మహింద రాజపక్స అన్నారు, ఆపైన 2010లో రెండుసార్లకు మించి పోటీ చేయరాదన్న అడ్డునే తీసేయించారు. 2015లో మైత్రిపాల సిరిసేన అన్నారు, 2018లో ప్రధానిని తీసేసి పార్లమెంటును రద్దు చేయబోతే సుప్రీంకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది. ఎక్కేదాకా ఒక మాట, ఎక్కాక ఇంకో మాట.

అప్పుల ఊబిలో, అప్పిచ్చిన అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) షరతుల మధ్య ఉన్న దేశానికి గట్టి అధ్యక్షుడే కావాలని కొందరంటున్నారు. 2019లో గెలిచిన గొటబాయ రాజపక్స గట్టివాడు కాదా? 2021లో ఉన్నపళంగా రసాయన ఎరువులు నిషేధించి రైతును ముంచింది ఆ గట్టితనమే. అడిగేవాడు లేని కుర్చీలో ఎవరు కూర్చున్నా అంతే. ఇప్పుడు కూర్చుంటున్నది మంచివాడు కదా అంటే, గత నలుగురినీ జనం మంచివాళ్లనుకునే ఎన్నుకున్నారు.

దిసనాయకే కూటమి కూడా ఈ పదవిని రద్దు చేస్తామనే ఓట్లడిగింది. ఎప్పటిలోగా? 1995 జూలై 15లోగా రద్దు చేస్తానని చంద్రిక మాటిస్తే, నమ్మి తన అభ్యర్థిని పోటీ నుంచి తప్పించింది దిసనాయకే పార్టీ జనతా విముక్తి పెరమున (జేవీపీ)యే. ఆ జూలై వచ్చింది, పోయింది, కుర్చీ మాత్రం కదల్లేదు. ఆ మోసం ఎలా ఉంటుందో ఆ పార్టీకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1971లో, మళ్లీ 1987-89లో తన తిరుగుబాట్లలో ఎంతమంది కుర్రాళ్లు నేలకొరిగారో కూడా ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

2024 సెప్టెంబర్ 23, సోమవారం దిసనాయకే ప్రమాణ స్వీకారం. ఆర్థిక సంక్షోభం ముందు, రాజ్యాంగం తర్వాత అనే పాత పాట మళ్లీ ఎత్తుకోవద్దు. ఆనాడు చంద్రిక నోట గడువు చెప్పించిన పార్టీ మీది. శనివారం రాత్రంతా మేలుకున్న ఆ పిల్లలకు ఇప్పుడు గడువు చెప్పాల్సింది మీరు.