టోకెన్ లేని బామ్మర్ది

మా ఇంట్లో నెట్ కనెక్షను ఒకటే, వాడేవాళ్లు తొమ్మిది మంది. కొర్లగుంటలో కింద మేము ఐదుగురం, మిద్దె మీద బాడుగకు నలుగురు పిల్లకాయలు. 100 ఎంబీపీఎస్ అని బిల్లు మీద ఉంటుంది. సాయంత్రమైతే పైన ఒకడు గేము దించుకోవడం మొదలుపెడతాడు. సరిగ్గా అప్పుడే కింద మా అమ్మ టీవీలో సహస్రదీపాలంకార సేవ వస్తుంటుంది. ఉయ్యాల ఒక వైపుకు వొరిగి అట్లే ఆగిపోతుంది.

"స్వామిని అట్లా ఒకపక్కకు వొంచి పెట్టినారు చూడు, ఎంత పాపం రా! నువ్వు కాలేజీలో చేసేది ఇదే పని కదా?"

ఇదే పని. నేనొక కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగేవాణ్ణి. ఈ అభిప్రాయం మార్చాలని ఎప్పటి నుంచో ఉంది. మూలనపడిన పాత కంప్యూటర్‌కి రెండో లాన్ కార్డు బిగించి, లినక్స్ ఎక్కించి, ఇంటికొచ్చే నెట్ మొత్తం దాని గుండానే పోయేట్టు చేసి, అటక మీద కూర్చోబెట్టాను. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. నా ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీదే దానితో మాట్లాడాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. నాకైతే పనికి రాలేదు.

చేయాల్సింది క్యూ కట్టించడం. తిరుపతిలో పుట్టినవాడికి క్యూ ఒకరు నేర్పాలా? లినక్స్‌లో ట్రాఫిక్‌ను అదుపు చేసే ఆదేశం పేరు టీసీ. అందులో హెచ్‌టీబీ అని ఒక పద్ధతి ఉంది, మార్టిన్ దెవెరా అనే చెక్ దేశపు ప్రోగ్రామర్ రాసింది. ప్రతి లైనుకూ ఒక బకెట్టు ఉంటుంది, అందులో ఇంత వేగమని టోకెన్లు పడుతుంటాయి. టోకెన్ దొరికిన ప్యాకెట్, అంటే నెట్‌లో పోయే సమాచారపు ముక్క, బయటికి పోతుంది, దొరకనిది కూర్చుంటుంది. చదవగానే నాకు దర్శనం టోకెన్లిచ్చే విష్ణునివాసం కౌంటరే కళ్లముందు కనబడింది. ఈ దెవెరా ఎప్పుడన్నా కొండకు వచ్చాడేమో అని కూడా అనుమానం వచ్చింది.

మా అమ్మకు అర్థమయ్యేట్టు లైన్లకు పేర్లు పెట్టాను. నా ల్యాప్‌టాప్, నా ఫోను బ్రేక్ దర్శనం, వాటికి 40. అమ్మ టీవీ 300 రూపాయల లైను, దానికి 20. మా ఆవిడకూ పిల్లలకూ 10. పైన నలుగురికీ కలిపి సర్వదర్శనం, 20.

"మొత్తం తొంభైయే కదరా. నూటికి దుడ్డు కట్టి తొంభై వాడుకుంటావా? ఆ పది ఎవరికిస్తావు?"

ఎవరికీ ఇవ్వను. గొట్టం నిండిపోతే క్యూ పోయి నెట్ కంపెనీవాళ్ల డబ్బాలో పెరుగుతుంది. అక్కడ అమ్మ టీవీకీ పైన వాడి గేముకీ తేడా చూసే దిక్కు లేదు, ఎవడు ముందొస్తే వాడే. మన గేటు వాళ్ల గొట్టం కంటే కాస్త ఇరుకుగా పెట్టుకుంటేనే క్యూ మన అటక మీద నిలబడుతుంది, అప్పుడే మన మాట వింటుంది. అంతా చెప్పాను. అమ్మ విని, "అయినా పది పోయినట్టే కదా" అంది.

వారం గడిచింది. పైన పిల్లోణ్ణి ఆపి అడిగాను, నెట్ ఎట్లుండాది అని. "శానా బాగుండాదన్నా" అన్నాడు. బాడుగ పెంచే నెల అది, ఇంకేం చెప్తాడు? ఆ సాయంత్రం ఉయ్యాల మళ్లీ ఒరిగి ఆగింది.

మాన్యువల్ తీస్తే తెలిసింది. లోకమంతా ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు. టీసీకి మాత్రం ఆ మాటకు అర్థం మెగాబైట్లు, ఒక్కొక్కటి ఎనిమిదింతలు. బిట్లు కావాలంటే ఎంబిట్ అని రాయాలట. అంటే 90 ఎంబీపీఎస్ అని రాసి, 720 మెగాబిట్లు పట్టే గేటు కట్టి, 100 మెగాబిట్ల గొట్టం ముందు వారం రోజులు కాపలా కాశాను. తట్టుకుని ఆగిన ప్యాకెట్ ఒక్కటి లేదు.

ఇక నిర్వహణ. పెట్టడం ఒక ఎత్తు, సాకడం ఇంకో ఎత్తు. ఏ ఫోను ఏ లైనో, దాని మ్యాక్ అడ్రసు, అంటే నెట్‌వర్కులో దాన్ని గుర్తుపట్టే నంబరు, చూసి నేను చేత్తో రాయాలి. ఈ కాలపు ఫోన్లు వైఫై వైఫైకీ ఒక దొంగ మ్యాక్ అడ్రసు తగిలించుకుని వస్తాయి కాబట్టి ఫోను తీసుకుని సెట్టింగుల్లోకి పోయి చూడాలి. మా ఆవిడ పెదనాన్న వచ్చినప్పుడు గుమ్మంలోనే, "పెదనాన్నా, ఫోన్ ఒకసారి ఇస్తారా" అన్నాను. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని లోపలికి పోయాడు, కాఫీ తాగినంతసేపూ ఆ చెయ్యి తీయలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఒక శాసనం వెలువడింది. చుట్టాల ఫోన్ల జోలికి పోకూడదు.

అందుకే మొన్న పుత్తూరు నుంచి బామ్మర్ది వచ్చినప్పుడు వాడి ఫోను లిస్టులోకి ఎక్కలేదు.

వాడు వచ్చిన మర్నాడే 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్లో వదిలే రోజు, పొద్దున పది గంటలకు. కొండ కింద ఉండేవాళ్లకు టికెట్ ఎందుకు అంటారు బయటి ఊళ్లవాళ్లు. కొండ కింద ఉన్నామని క్యూ ఏమీ పొట్టిగా ఉండదు. పోయిన నెల నేను చూస్తుండగానే అయిపోయాయి. ఈసారి వదిలేది లేదని రాత్రి పదకొండింటికి కూర్చుని కొలతలన్నీ దిద్దాను. మాన్యువల్లో ఉదాహరణలన్నీ కేబిట్‌లో, అంటే కిలోబిట్లలో, ఉన్నాయి. నా లైనుకు మొదట 40000కేబిట్ అని రాశాను. సున్నాలు లెక్కపెట్టుకోలేక, ఎంబిట్‌లోకి మారుద్దామని మూడు సున్నాలు తుడిచాను. ఇంతలో మా ఆవిడ లైటు ఆర్పమంది. సున్నాలు పోయాయి, కేబిట్ మిగిలింది.

పది కొట్టింది. హాల్లో ల్యాప్‌టాప్ ముందు స్నానం చేసి, నామం పెట్టుకుని నేను. సోఫాలో లుంగీ మీద, ఇంకా పళ్లు కూడా తోముకోని బామ్మర్ది, ఫోన్ పట్టుకుని.

నా తెర మీద చక్రం తిరుగుతోంది. నాలుగు నిమిషాలకు పేజీ పైభాగం వచ్చింది, అదీ బొమ్మలు లేకుండా. సెకనుకు 40 కిలోబిట్లంటే ఐదు కిలోబైట్లు, రెండు మెగాబైట్ల పేజీ రావడానికి ఆరు నిమిషాల నలభై సెకన్లు. ఈ లెక్క తర్వాత వేసుకున్నది, అప్పుడు వేసుకునే స్థితిలో లేను. పక్క లైన్లు వాడుకోని వేగం అప్పుగానన్నా పుట్టాలి కదా అంటే, అప్పు ఎంత వరకో చెప్పే సీల్ అనే మాట రాయాలి, రాయకపోతే పైసా పుట్టదు. నేను రాయలేదు.

సరే, అటక మీది పెట్టెలోకి పోయి దిద్దేద్దామని ఆదేశం కొట్టాను. ఒక అక్షరం కొట్టి చూశాను, రాలేదు. ఇంకోటి కొట్టాను. అప్పటికి మొదటిది వచ్చింది. నా ల్యాప్‌టాప్‌కి అటక నుంచి రావాల్సిన జవాబు కూడా నా బ్రేక్ దర్శనం లైన్లోనే, నేను పిలిపించిన బొమ్మల వెనకాల నిలబడి వస్తోంది మరి.

"బావా, నాకు లోపలికి పొయ్యింది!"

చూస్తే వాడి ఫోన్లో తేదీలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి.

హెచ్‌టీబీలో డిఫాల్ట్ అని ఒక మాట రాసుకోవాలి, ఏ లైన్లోనూ లేనివాడు వస్తే ఫలానా లైన్లో పడెయ్ అని. అది రాయకపోతే, లైను లేనివాణ్ణి అది ఆపదు. టోకెన్ అడగదు, బకెట్ చూడదు. లాన్ కార్డు ఎంత వేగంగా పంపగలిగితే అంత వేగంగా పంపిస్తుంది. ఇంట్లో పేరున్న తొమ్మిది మందిమీ టోకెన్లు పట్టుకుని వరసలో నిలబడితే, పేరు లేని పుత్తూరు వాడు నేరుగా గర్భగుడి గడప దగ్గరుండాడు.

అటకకు నిచ్చెన వేసి ప్లగ్గు పీకబోయాను. "పీకొద్దు బావా, దుడ్డు కడతా ఉండా!" అని అరిచాడు. నిచ్చెన మీద, ప్లగ్గు పట్టుకుని అట్లే ఆగాను.

"అమ్మది, అక్కది, నాది అయిపొయ్యింది. నీ ఆధార్ నంబరు చెప్పు బావా, టైమ్ అయిపోతా ఉండాది."

నా ఆధార్ నా ఫోన్లో, మెయిల్లో ఉంది. తెరిచాను. చక్రం. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా బీరువాలో చీరల కింద నుంచి జిరాక్సు కాపీ తీసుకొచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

టికెట్లు వచ్చేశాయి. వాడు ఫోను సోఫాలో పడేసి ఒళ్లు విరుచుకున్నాడు.

"ఏం నెట్ బావా ఇది, రాకెట్ మాదిరి ఉండాది! మా ఊళ్లో ఇట్ల చూడ్లేదు. ఏం చేసినావు?"

నిచ్చెన మీద నుంచి మా ఆవిడ వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది.

"ఏదో, కొంచెం సెట్ చేసినాలే" అన్నాను.

మధ్యాహ్నం కేబిట్‌ను ఎంబిట్ చేసి, సీల్ రాసి, డిఫాల్ట్‌ను సర్వదర్శనానికి కట్టాను. సాయంత్రం ఉయ్యాల ఆగకుండా ఊగింది. అమ్మ చేతులు జోడించుకుని కూర్చుంది. అప్పుడే సోఫాలో నుంచి కేక వినబడింది.

"బావా, నెట్ ఏందో పాడైనట్టుండాది, రోంత చూడు!"